ఇళ్ల మీద పావురాల బెడద - నివారణ

పట్టణాల్లో ఇళ్ల కప్పుల మీద, బాల్కనీల్లో, కిటికీల సన్‌షేడ్ల మీద పక్షులు వాలి, గూళ్లు పెట్టి, రెట్టలతో పాడుచేయకుండా చూసుకోవడం ఇవాళ భవనాల నిర్వహణలో తప్పనిసరి పని అయింది. కాకులు, గోరింకలు కూడా ఇబ్బంది పెడతాయి గాని, తెలుగు రాష్ట్రాల నగరాల్లో ఈ మాట ఎత్తగానే ఎవరికైనా గుర్తొచ్చేది పావురమే. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల ముందు నిలబడి తలెత్తితే వలలు కట్టిన బాల్కనీలు వరసగా కనిపిస్తాయి. వల కట్టేవారి ఫోన్ నంబర్లు కరెంటు స్తంభాల మీద, గోడల మీద అతికించి ఉంటాయి. ఇంత వ్యాపారం పెరిగినా బెడద మాత్రం తగ్గలేదు. ఒక ఇంటివారు తరిమిన పావురం పక్కింటి సన్‌షేడ్ మీదికి పోతుంది. దానికి మేత వీధి చివర ఎప్పటిలాగే దొరుకుతూ ఉంటుంది. వాలే చోటు మూయడం, మేత ఆపడం రెండూ కలిసి జరగనంత కాలం ఈ ఖర్చు అంతా ఒకరి బాధను ఇంకొకరికి అంటగట్టడమే.

పావురం మన గోడ ఎందుకు ఎక్కింది

మన నగరాల్లో తిరిగే బూడిదరంగు పావురం కొండ పావురం జాతిది. శాస్త్రీయ నామం కొలంబా లివియా. పశ్చిమాసియా, మధ్యధరా ప్రాంతం, దక్షిణాసియా కొండచరియలు దీని సొంత ఊళ్లు. ఇది చెట్టు మీద గూడు కట్టదు. రాతి అరల్లో, గుహల్లో, బండల చీలికల్లో పెడుతుంది. మన పల్లెల్లో పాత దిగుడు బావుల రాతికట్టు సందుల్లో, పాడుపడిన కోటల్లో, గుడి గోపురాల గూళ్లలో ఇవి తరతరాలుగా ఉంటూ వచ్చాయి. పది అంతస్తుల కాంక్రీటు భవనం దీని కంటికి ఒక కొండచరియ. సన్‌షేడ్, ఏసీ పెట్టె, డక్ట్‌లోని పైపుల గుంపు, పిట్టగోడ అంచు అన్నీ ఆ చరియలోని అరలు. పిల్లి అందుకోలేని ఎత్తు, వాన తగలని నీడ, పక్కనే గింజలు దొరికితే దానికి వేరే అడవి అక్కర్లేదు.

మనిషి దీన్ని మచ్చిక చేసుకుని వేల ఏళ్లయింది. అక్బరు ఆస్థానంలో ఇరవై వేలకు పైగా పావురాలు ఉండేవని ఐన్-ఇ-అక్బరీ చెబుతుంది. హైదరాబాద్ పాతబస్తీలో మేడల మీద పావురాలను ఎగరేసే సరదా ఇప్పటికీ ఉంది. పొరుగున ఒడిశాలో పోలీసులు 1946లో పావురాల టపా ప్రారంభించి దశాబ్దాల పాటు నడిపారు. టపా మోయడానికి పనికొచ్చిన గుణమే ఇంటివారికి ఇవాళ తలనొప్పి. పావురం తన చోటును మరచిపోదు. పట్టుకుని దూరంగా వదిలేసినా చాలావరకు తిరిగి వచ్చేస్తుంది.

సంతానం విషయంలోనూ దీనికి తీరిక ఉండదు. ఒక్కో ఈతకు రెండు గుడ్లు. ఆడ, మగ రెండూ మార్చి మార్చి పొదిగితే 17 నుంచి 19 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. మరో నాలుగైదు వారాల్లో ఎగిరిపోతాయి. పిల్లలకు పురుగులు ఏరి తేవాల్సిన అవసరం లేదు. తల్లీ తండ్రీ ఇద్దరి గొంతు దగ్గరి మేతసంచి గోడల నుంచి పాల వంటి పదార్థం ఊరుతుంది, పిల్లలు మొదటి రోజుల్లో దాని మీదే పెరుగుతాయి. అందుకే పురుగులు దొరకని కాలంలో కూడా ఇవి పిల్లలను పెంచగలవు. మేత సమృద్ధిగా ఉంటే ఏడాదిలో ఐదారు సార్లు గుడ్లు పెడతాయి. చాలా పక్షి జాతులు తగ్గిపోతున్నాయని హెచ్చరించిన 2023 నాటి 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక, పెరుగుతున్న కొద్ది జాతుల్లో పావురాన్ని చేర్చింది.

ఏసీ పెట్టె వెనుక ఉన్న ఒక గూడును దగ్గరగా చూస్తే ఈ పక్షి పద్ధతి అర్థమవుతుంది. పది పన్నెండు చీపురు పుల్లలు, ఎండిన వేప ఈనెలు, సెంట్రింగ్ పనిలో మిగిలిన బైండింగ్ వైరు ముక్క ఒకటో రెండో. అంతే గూడు. చాలా పక్షులు పిల్లల రెట్టను గూటి నుంచి ఎత్తి పారేస్తాయి. పావురాలు ఆ పని చేయవు. రెట్ట పుల్లల మధ్య గట్టిపడుతుంది, దాని మీదే మళ్లీ గుడ్లు పెడతాయి, రెండు మూడు ఈతలయ్యేసరికి అది సిమెంటు దిమ్మెలా తయారవుతుంది. దాన్ని తీయాలంటే తాపీ పెట్టి పెకలించాల్సిందే.

రెట్ట చేసే హాని

పక్షి రెట్టలో తెల్లగా కనిపించేది యూరిక్ ఆమ్లం. అది రంగును తింటుంది, ఇనుప రేకును తుప్పు పట్టిస్తుంది, పాత కట్టడాల రాతి ముఖాన్ని పాడుచేస్తుంది. రాలిన ఈకలు, పుల్లలు వాన నీటి గొట్టాలను పూడ్చేస్తే మిద్దె మీద నీళ్లు నిలిచి గోడలు చెమ్మ పడతాయి.

ఆరోగ్యం సంగతి దీనికంటే ముఖ్యం. దీని గురించి కొట్టిపారేసేవారూ ఎక్కువే, బెదరగొట్టేవారూ ఎక్కువే. క్రిప్టోకాకస్ నియోఫార్మన్స్ అనే శిలీంధ్రం పావురాల రెట్టలో పెరుగుతుందని 1950లలోనే తేలింది. ఆరోగ్యవంతులు దీన్ని సాధారణంగా తట్టుకుంటారు. ఎయిడ్స్ రోగులకు, అవయవ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి ఇది మెదడు పొరల వాపు తేగలదు. సిటకోసిస్ అనే బ్యాక్టీరియా జ్వరం కూడా పక్షుల నుంచి సోకుతుంది.

వైద్యులు ఎక్కువగా ఆందోళన పడేది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ గురించి. ఇది అంటువ్యాధి కాదు. ఈకల పొడి, ఎండిన రెట్ట ధూళి రోజూ పీల్చగా పీల్చగా కొందరి ఊపిరితిత్తులు వాటికి ప్రతిచర్య చూపి వాచిపోతాయి. ఏళ్ల తరబడి సాగితే ఊపిరితిత్తులు గట్టిపడి, మెట్లెక్కితే ఆయాసం వచ్చే స్థితి శాశ్వతమవుతుంది. ఊపిరితిత్తుల కణజాల వ్యాధులున్న 1,084 మందిని దేశవ్యాప్తంగా పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో 47 శాతం మందికి ఉన్నది ఈ జబ్బే. అందులో పావురాల వాటాతో పాటు ఎయిర్ కూలర్ల బూజు వాటా కూడా పెద్దదని చెప్పడం న్యాయం. ఇంట్లో ఎవరికైనా తగ్గని పొడి దగ్గు, ఆయాసం ఉంటే, బాల్కనీలో పావురాలు ఉన్నాయన్న సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి. ఆయన అడగకపోయినా చెప్పాలి.

ఎండిన రెట్టను చీపురుతో ఊడ్చడమే ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు. ధూళి అంతా ముక్కులోకే వస్తుంది. ముందు బ్లీచింగ్ కలిపిన నీళ్లు నెమ్మదిగా చల్లి, బాగా నాననిచ్చి, తడిగా ఉండగానే గీకి సంచిలో కట్టేయాలి. ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు ఉండాలి. పనిమనిషితో ఆ పని చేయించేవారు ఆమెకూ ఆ మాస్కు ఇవ్వాలి.

వల

అన్ని పద్ధతుల్లోకీ నమ్మదగినది వల. పక్షిని భయపెట్టడం మీద కాక, దారి లేకుండా చేయడం మీద ఇది ఆధారపడుతుంది. భయం పోతుంది, గోడ పోదు. కన్ను పరిమాణాన్ని బట్టి ఏ పక్షిని ఆపుతుందో నిర్ణయమవుతుంది. పావురాలకు 50 మిల్లీమీటర్ల కన్ను సరిపోతుంది. గోరింకల పరిమాణం పక్షులకు 28, పిచ్చుకలకు 19 మిల్లీమీటర్లు కావాలి. మన ఊళ్లలో నైలాన్ వలలు, హెచ్‌డీపీఈ వలలు రెండూ దొరుకుతాయి. ఎండను తట్టుకునే రసాయనం కలపని నైలాన్ మన వేసవులకు త్వరగా పెళుసుబారుతుంది. కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. చదరపు అడుగుకు రేటు ఎంత అన్నది రెండోది.

పనితనం అంతా అంచుల్లో ఉంటుంది. గోడకు డ్రిల్లు చేసి దాదాపు అడుగుకొకటి చొప్పున హుక్కులు బిగించి, వాటి గుండా తీగ గాని తాడు గాని లాగి, ఆ తీగకు వల అంచును ముడులు వేసి కడతారు. వల బిగువుగా, కొడితే అదిరేలా ఉండాలి. వదులుగా వేలాడితే పక్షి కాలు, రెక్క చిక్కుకుంటాయి. రైలింగు అడుగు గోడను కలిసే మూల, ఏసీ గొట్టం బయటికి పోయే చోటు, బట్టలారేసే తీగ మేకు దగ్గర పనివాళ్లు తొందరలో నాలుగు వేళ్ల సందు వదిలేస్తారు. పావురం అక్కడి నుంచే దూరుతుంది. లోపలికి వచ్చాక బయటికి పోయే దారి దానికి తెలియదు. కాబట్టి పని అయ్యాక డబ్బు ఇచ్చేముందు అంచు వెంట చేయి పోనిచ్చి చూసుకోవాలి.

పావురాల వల పిల్లల భద్రత వల కాదు. పసిపిల్లలున్న ఇంట్లో పక్షుల కోసం కట్టిన పలచటి వలను నమ్ముకోకూడదు. బరువు మోయడానికి తయారుచేసిన వల వేరుగా దొరుకుతుంది.

వల కట్టేముందు గూడు ఉందేమో చూడటం అన్నిటికంటే ముఖ్యం. గుడ్లు గాని పిల్లలు గాని ఉండగా వల మూసేస్తే తల్లి బయట కొట్టుకుంటుంది, పిల్లలు లోపల ఆకలితో చనిపోతాయి, ఆ వాసన వారం పాటు ఇంటివారినీ వదలదు. పిల్లలు కనబడితే నెలరోజులు ఆగాలి, అవే ఎగిరిపోతాయి. ఆ రోజే గూడు తీసి, కడిగి, వల కట్టించాలి. ఒక్క వారం ఆలస్యమైతే మరో రెండు గుడ్లు పడతాయి.

ముళ్లు, తీగలు, వాలు

వల కట్టడానికి వీల్లేని పిట్టగోడల మీద, సన్‌షేడ్ అంచుల మీద, బోర్డుల మీద స్టీలు లేదా పాలికార్బొనేట్ ముళ్ల పట్టీలు అతికిస్తారు. వీటి మొన పక్షిని గుచ్చడానికి కాదు, పాదం ఆనడానికి చోటు లేకుండా చేయడానికి. అంచు వెడల్పు అంతా ముళ్లు పరుచుకుంటేనే పనిచేస్తాయి. ఒకే వరస వేసి వెనుక జానెడు ఖాళీ వదిలితే పావురం ఆ ఖాళీలో దర్జాగా కూర్చుంటుంది. పుల్లలు పేరుకుంటే ఆ ముళ్లే గూటికి ఆధారమవుతాయి. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డ్యామ్‌లో, బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో కాకి జాతి పక్షులు భవనాల మీది ముళ్ల పట్టీలను పీకి వాటితోనే గూళ్లు కట్టుకున్నాయని 2023లో డచ్ పరిశోధకులు ప్రకటించారు. ఆంట్‌వెర్ప్‌లో దొరికిన ఒక మాగ్‌పై గూటిలో దాదాపు పదిహేను వందల ముళ్లున్నాయి.

సన్నటి స్టీలు తీగను స్ప్రింగుల సాయంతో అంచుకు కొంచెం ఎత్తులో లాగి కట్టడం ఇంకో పద్ధతి. పక్షి వాలగానే తీగ ఊగి నిలకడ తప్పుతుంది. కంటికి కనబడదు కాబట్టి పాత కట్టడాలకు ఇది నయం.

వీటన్నిటికంటే చవకైనది ఇల్లు కట్టేటప్పుడే జరగాలి. పిట్టగోడ పైభాగాన్ని, కిటికీ పై అంచుల్ని 45 డిగ్రీలకు మించిన వాలుతో నున్నగా పూస్తే పావురం కాలు నిలవదు. ఏసీ పెట్టెలకు జాలీ తలుపున్న అర కడితే, డక్ట్ పైభాగానికి జల్లెడ వేస్తే, తర్వాత ఇరవై ఏళ్ల ఖర్చు తప్పుతుంది. మన బిల్డర్లు ఎలివేషన్ అందం కోసం పక్షి తప్ప ఎవరూ నిలబడలేని చిన్న చిన్న అంచులు ఎన్నో పెడుతున్నారు. ప్లాను దశలోనే కొనేవారు ఈ సంగతి అడగడం మొదలుపెట్టాలి.

పనిచేయనివి

అల్ట్రాసోనిక్ యంత్రాల మీద పెట్టే డబ్బు వృథా. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది, అంతకు పైన ఉన్నది అల్ట్రాసౌండ్. పావురం సహా చాలా పక్షుల వినికిడి 10 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. మనకే వినబడనంత పై స్థాయి శబ్దం వాటికి వినబడే అవకాశం లేదు.

ప్లాస్టిక్ గుడ్లగూబ, వేలాడదీసిన సీడీలు, మెరిసే రిబ్బన్లు కొన్నాళ్లు పనిచేస్తాయి. కదలని శత్రువు శత్రువు కాదని పావురం త్వరగానే తెలుసుకుంటుంది. పొలంలో దిష్టిబొమ్మకు పిట్టలు అలవాటుపడటం రైతుకు తెలిసిందే. పంట కాపుకొచ్చే నాలుగు వారాలకు అది చాలు, ఏడాదంతా ఉండే ఇంటికి చాలదు. డాబా మీద వడియాలు, మిరపకాయలు ఆరబోసినప్పుడు నల్లగుడ్డ కట్టిన కర్ర గుచ్చడం, పాత చీర గాని దోమతెర గాని పరచడం మాత్రం బేషుగ్గా పనిచేస్తాయి. అవసరం ఒక పూటదే కనుక.

జిగురు పూతలు వద్దు. పావురం తప్పించుకున్నా, పిచ్చుకలాంటి చిన్న పక్షి ఈకలు అంటుకుని ఎగరలేక చస్తుంది. ఆరుబయట నాఫ్తలీన్ ఉండల వాసన గాలికి పోతుంది, పిల్లలు వాటిని నోట్లో పెట్టుకునే ప్రమాదం మిగులుతుంది. విషం పెట్టడం నేరం, పైగా ఆ చచ్చిన పక్షిని తిన్న పిల్లి, గద్ద కూడా చస్తాయి.

శిక్షణ పొందిన డేగలతో తరిమే పద్ధతి వింబుల్డన్ టెన్నిస్ మైదానంలో ఏళ్లుగా నడుస్తోంది. రూఫస్ అనే హారిస్ డేగ అక్కడ పేరు పొందింది. రోజూ మనిషి, పక్షి ఇద్దరూ పనికి రావాలి కాబట్టి ఇది ఇళ్లకు కుదిరేది కాదు.

సోలార్ పలకలు, నీళ్ల ట్యాంకులు

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక మిద్దెల మీద సోలార్ పలకలు బాగా పెరిగాయి. పలకకూ మిద్దెకూ మధ్య సందు పావురానికి తయారుగా దొరికిన గుహ. పలక మీద పడిన రెట్ట ఆ భాగానికి ఎండ తగలకుండా చేస్తుంది, కరెంటు తగ్గుతుంది, నీడపడిన గడి వేడెక్కి పలకే పాడైపోవచ్చు. పలకల చుట్టూ తుప్పు పట్టని జాలీని క్లిప్పులతో బిగించాలి. ఫ్రేముకు రంధ్రాలు చేస్తే గ్యారంటీ పోతుంది. పలకలు బిగించే రోజే జాలీ పని కూడా చేయించుకోవడం మేలు.

నీళ్ల ట్యాంకు మూత పగిలినా, గాలికి ఎగిరిపోయినా వెంటనే మార్చాలి. ఓవర్‌ఫ్లో గొట్టం నోటికి జాలీ కట్టాలి. ట్యాంకులో పడే రెట్టతో సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా ఇంట్లో అందరి గ్లాసుల్లోకి చేరుతుంది.

మేత ఆగితేనే

పావురాలను చంపితే తగ్గుతాయా అన్న ప్రశ్నకు స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం జవాబు చెప్పింది. 1961 నుంచి 1985 వరకు అక్కడ సుమారు లక్ష పావురాలను చంపారు. సంఖ్య ఇరవై వేల దగ్గరే ఉండిపోయింది. చచ్చినవాటి స్థానంలో కొత్తవి పుట్టుకొచ్చాయి, ఎందుకంటే మేత తగ్గలేదు. 1988లో డేనియల్ హాగ్-వాకర్‌నాగెల్ అనే జీవశాస్త్రవేత్త దారి మార్చారు. మేత ఎక్కువైతే గూళ్లు కిక్కిరిసి పిల్లలు జబ్బుపడి చస్తాయని, మేత వేయడం పావురానికి మేలు కాదని ప్రజలకు వివరించారు. నాలుగేళ్లకు కాస్త పైబడిన కాలంలో సంఖ్య సగానికి పడింది. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరం ప్రత్యేక గూళ్లు కట్టి, పావురాలు పెట్టిన గుడ్లు తీసి డమ్మీ గుడ్లు పెట్టే పద్ధతి పాటించింది. కోళ్ల మందుగా పుట్టిన నికార్బజిన్‌ను గింజల్లో కలిపి సంతానం తగ్గించే ప్రయోగం బార్సిలోనాలో 2017 నుంచి సాగుతోంది. లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో 2003లో, వెనిస్‌లోని సెయింట్ మార్క్స్ చౌకులో 2008లో మేత నిషేధించారు.

మన దేశంలో ఈ విషయం భక్తితో ముడిపడి ఉంది. జీవకారుణ్యం జైనులకు ధర్మం. శనిదోషం పోవాలని, పితృదేవతల కోసమని జొన్నలు చల్లే హిందువులు ఉన్నారు. దర్గాల దగ్గర, మక్కా మసీదు ప్రాంగణంలో గింజలు వేసేవారున్నారు. ముంబయిలో బొంబాయి హైకోర్టు 2025 జులైలో పావురాల మేతపై ఉన్న నిషేధాన్ని ధిక్కరించి మేత వేసేవారిపై కేసులు పెట్టాలని ఆదేశించింది. ఆగస్టు మొదట్లో అక్కడ పావురాలకు మేత వేసే చోటైన దాదర్ కబూతర్‌ఖానాను టార్పాలిన్లతో కప్పేస్తే, మేత వేసేవారు వచ్చి వాటిని చించేశారు. అదే నెల 11న సుప్రీంకోర్టు హైకోర్టు ఆదేశాల్లో జోక్యానికి నిరాకరించింది. ఆసుపత్రి పక్కన, బడి పక్కన, ఇళ్ల మధ్య బస్తాల కొద్దీ గింజలు కుమ్మరించడం పుణ్యం అనిపించుకోదని ఈ రచయిత అభిప్రాయం. పక్షికి ఏదైనా పెట్టాలనుకునేవారు వేసవిలో మట్టి మూకుడులో నీళ్లు పెట్టవచ్చు. ఆ నీళ్లు అన్ని పిట్టలకూ పనికొస్తాయి, రోజూ మారిస్తే దోమలూ పుట్టవు.

ఇతర పక్షులు

కాకి గూళ్లు పెట్టే వేసవి, తొలకరి రోజుల్లో డాబా ఎక్కినవారి నెత్తి మీద తన్నుతుంది. పిల్లలు ఎగిరేదాకా గొడుగు వేసుకుని పోతే చాలు, గూడు పీకనక్కర్లేదు. ఆ గూటిలోనే కోయిల పిల్ల కూడా పెరుగుతూ ఉండవచ్చు. గోరింక ఏసీ గొట్టపు రంధ్రంలో, ఎగ్జాస్ట్ ఫ్యాను సందులో గూడు పెడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు జాలీ బిగిస్తే సరి. చూరు కింద, పాత భవనాల అటకల్లో కాపురముండే తెల్ల గుడ్లగూబను అపశకునమని తరిమేవారున్నారు. అది రాత్రంతా ఎలుకలను తింటుంది. దాన్ని ఉండనివ్వాలి.

పిచ్చుకను ఈ జాబితాలో చేర్చనే కూడదు. వసారాలో వరి కంకుల కుచ్చు వేలాడదీసి పిచ్చుకలను పిలిచిన సంప్రదాయం మనది. 50 మిల్లీమీటర్ల వల పావురాన్ని ఆపుతుంది, పిచ్చుకను పోనిస్తుంది. పావురాల కోసం అంతకంటే చిన్న కన్ను వల కట్టనక్కర్లేదు.

చట్టం

జంతువులపట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960 పావురానికీ వర్తిస్తుంది. జంతువును చంపడం, విషం పెట్టడం, అంగవైకల్యం కలిగించడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను కింద శిక్షార్హం. గద్దలు, గుడ్లగూబలు, రామచిలుకల వంటి అడవి పక్షులకు, వాటి గుడ్లకు, గూళ్లకు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణ ఉంది. వల కట్టడం, ముళ్ల పట్టీ అతికించడం, ఖాళీ గూడు తీయడం వంటి అడ్డుకునే పనులకు ఇంటి యజమానికి చట్టపరమైన అడ్డు లేదు. అపార్ట్‌మెంట్లలో బయటి గోడ అందరిదీ కాబట్టి అసోసియేషన్ కలిసి మొత్తం బ్లాకుకు ఒకేసారి కట్టించడం మంచిది. ఖర్చూ తగ్గుతుంది, పావురం పక్క ఫ్లాటుకు మారే అవకాశమూ ఉండదు.

వల కట్టించాక నెలకొకసారి దాన్ని చూడండి. పక్షి చిక్కుకుని ఉంటే లాగకండి, కాలు తెగిపోతుంది. దాని మీద మెత్తటి గుడ్డ కప్పి, రెక్కలు ఒంటికి ఆనేలా పట్టుకుని, దారాన్ని చిన్న కత్తెరతో కత్తిరించి, పాదానికి చుట్టుకున్న పోగులన్నీ పోయాయో లేదో చూసి వదలండి. ఎత్తైన అంతస్తు బయట వేలాడుతుంటే రైలింగు మీద నుంచి వంగకండి, పక్షులను కాపాడే స్వచ్ఛంద సంస్థనో అగ్నిమాపక సిబ్బందినో పిలవండి. తెగిన చోటును అదే రోజు ముడి వేయించండి.